కంచం వేరు పెట్టొద్దు, పరీక్ష మాత్రం అందరికీ చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ, పటమట. వయసు 33. ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డులో పని చేస్తాను. ఈమధ్య రక్తదానం చేస్తే హెపటైటిస్ బి పాజిటివ్ అని ఫోన్ చేసి చెప్పారు. ఒంట్లో ఏ బాధా లేదు, లివర్ దెబ్బతిన్నదేమో చూసే ఎస్‌జీపీటీ రక్తపరీక్ష నార్మల్. అయినా ఇంట్లో నా కంచం, గ్లాసు వేరు చేసి కిటికీలో పెడుతున్నారు. నా భార్యకు ఐదో నెల. మా అత్తయ్య గారు పసరు మందు తాగమంటున్నారు. వైరస్‌ని పూర్తిగా పోగొట్టే మందు వచ్చిందంటున్నారు, నిజమేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో ఆ కంచం సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ వైరస్ ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసుతో తాగినా అంటుకోదు. రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. ఈ ముక్క మీ అత్తయ్య గారికి చదివి వినిపించండి. మీ రేజరు, టూత్ బ్రష్ మాత్రం ఎవరూ వాడకూడదు. షెడ్డులో రేకు తగిలి చెయ్యి తెగితే వెంటనే కట్టు కట్టుకోండి, రక్తం పడినచోట బ్లీచింగ్ నీళ్లతో తుడవండి.

అన్నిటికన్నా ముందు మీ భార్యకు పరీక్ష చేయించండి, ఈ వారంలోనే. నెగటివ్ వస్తే టీకా వేయించాలి, గర్భిణులకూ అది సురక్షితమే. పాజిటివ్ వచ్చి, రక్తంలో వైరస్ మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే, కాన్పుకు చాలా ముందే వైరస్‌ని అణిచే టెనోఫోవిర్ మాత్ర మొదలుపెడతారు. తల్లి పాజిటివ్ అయితే, వైరస్ ఎంత ఉన్నా, బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని అడ్డుకునే తయారు యాంటీబాడీలు) ఇంజెక్షన్ కూడా పడాలి. తల్లి నెగటివ్ అయినా టీకా ఆ 24 గంటల్లో పడాల్సిందే. పసివయసులో సోకితే నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే ఐదుగురిలో కూడా ఉండదు. మీకూ పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు. అందుకే మీ అమ్మగారికి, తోబుట్టువులకు కూడా పరీక్ష కావాలి.

మీరు విన్న మందు బహుశా హెపటైటిస్ సి ది. ఆ వైరస్‌ని కనిపెట్టింది 1989లో. ఇప్పుడు 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. బి వైరస్ అలా కాదు. దాని జన్యు పదార్థం లివర్ కణంలోని కేంద్రకంలో దాక్కుంటుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ కొత్త వైరస్ తయారవకుండా ఆపుతాయి గానీ, దాక్కున్నదాన్ని పెకలించలేవు. బెపిరోవిర్సెన్ అనే ఇంజెక్షన్‌పై 2022లో వచ్చిన ఫలితాల్లో, 24 వారాలు తీసుకున్నవాళ్లలో నూటికి తొమ్మిది, పది మందిలో వైరస్ మందు ఆపాక కూడా కనిపించలేదు. నాకు అది చాలా పెద్ద ఆశ. అయినా దాని కోసం ఇప్పటి చెకప్‌లు ఆపకండి.

పసరు మాత్రం వద్దే వద్దు. కొన్ని ఆకు మందులు లివర్‌నే దెబ్బతీస్తాయి. మందూ మానండి, అంటే ఆల్కహాలు. ఎస్‌జీపీటీ నార్మల్ అని వదిలేయకుండా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష), ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) చేయించుకోండి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. విజయవాడ పెద్దాసుపత్రిలో అడగండి. మీ భార్య రిపోర్టు రాగానే మళ్లీ రాయండి, పత్రికలో వేయకుండా మీకే జవాబు పంపిస్తాను.