ఒకే డైరెక్టర్‌తో ఏళ్ల తరబడి ఎడిటింగ్ చేస్తే కెరీర్ ఆగిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీరు వరంగల్‌లో బీటెక్ ఆఖరి సంవత్సరం, ఫ్రెండ్ తీసిన రెండు షార్ట్ ఫిల్మ్‌లు ఎడిట్ చేశారు. ఆ ఫ్రెండ్‌తోనే ఉండిపోవాలా, హైదరాబాద్ వెళ్లి పెద్ద ఎడిటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాలా? నేను రెండూ చేశాను కాబట్టి రాస్తున్నా.

మాది హనుమకొండ. 2009లో చౌరస్తా దగ్గర ఒక షాపులో చేరాను. అప్పుడు మా దగ్గర దాన్ని ఎడిటింగ్ అనేవాళ్లు కాదు, ‘మిక్సింగ్’ అనేవాళ్లు. గంట టేపు సిస్టమ్‌లోకి ఎక్కించాలంటే గంట పట్టేది. ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గుండె బొమ్మ పగిలి పెళ్లికూతురు కనపడే ఎఫెక్టులు ఎన్ని వేశానో లెక్క లేదు. నవ్వుకోండి, పర్లేదు. కానీ అప్పగింతల్లో ఏడుస్తున్న అమ్మాయి మీద నుంచి, పక్కన పళ్లు బిగబట్టి నిలబడ్డ తండ్రి మీదికి ఎప్పుడు కట్ చేయాలో నాకు నేర్పింది ఆ షాపే.

మా డైరెక్టర్ ఆ షాపుకు ఫుటేజ్ తెచ్చిచ్చే పెళ్లి కెమెరామన్. ములుగు వైపు ఊరు. నాకన్నా నాలుగేళ్లు పెద్ద, అందుకే అన్నా అంటాను. ఇప్పటికి కలిసి ఏడు షార్ట్ ఫిల్మ్‌లు, ఒక సినిమా చేశాం.

మూడో షార్ట్ ఫిల్మ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొడుకు దుబాయ్‌లో ఉంటాడు, సద్దుల బతుకమ్మ రోజు తల్లి వాడి ఫోన్ కోసం ఎదురుచూస్తుంటుంది. కథ అంతే. అన్న చీటీ ఎత్తి, ఒక్క పూటకు 12,000 పెట్టి డ్రోన్ తెప్పించాడు. చెరువు కట్ట మీద ఊరు ఊరంతా బతుకమ్మలతో నడిచే షాట్. నిజంగా బాగుంది. నా కట్‌లో అది లేదు.

ఆ చోట నేను పెట్టింది ఎన్.జి. (నో గుడ్, అంటే పనికిరాదు) అని రాసి పక్కన పడేసిన టేక్. తల్లి వేషం వేసిన ఆమె తాంబాలంలో తంగేడు పూలు పేరుస్తుంటే ఒక వరస జారింది. ‘మళ్లీ చెయ్యాల్నా?’ అని అడగబోయి తలెత్తి పక్కకు చూసింది. నోరు తెరవకముందే కట్ చేశాను. ఆమె తలెత్తడానికి పన్నెండు ఫ్రేముల ముందు, అంటే అర సెకను ముందు, ఫోన్ రింగ్ పెట్టాను. అంతే, పూలు జారింది ఫోన్ విని ఉలిక్కిపడినందుకే అన్నట్టు కనిపించింది.

“నా డ్రోన్ షాటేదిరా?” అన్నాడు.

“లేదన్నా. అది పెడితే ఆమెను వదిలేసి ఊరిని చూస్తున్నం.”

“పన్నెండు వేలురా!” అని లేచి వెళ్లిపోయాడు. ఇరవై రోజులు మాటల్లేవు. ఒక రాత్రి మిర్చీలు కట్టించుకుని వచ్చి చెప్పాడు. ఆ కట్ వాళ్లమ్మకు చూపించాడట. పూలు జారిన దగ్గర ఆమె “కొడుకు ఫోన్ జేసిండా?” అని అడిగిందట. డ్రోన్ షాట్ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆ షాట్ చూస్తే అన్నకు చీటీ డబ్బులు, ఆ రోజు ఎండ, పస్తులున్న జనం గుర్తొస్తారు. నాకు అవేవీ తెలియవు. ఆ తెలియకపోవడమే నా పనిముట్టు. మీరు భయపడాల్సింది కెరీర్ ఆగిపోతుందని కాదు. ఏళ్లు గడిచేకొద్దీ డైరెక్టర్ కళ్లతోనే మీరూ చూడటం మొదలుపెడతారు, అసలు నష్టం అక్కడుంది.

నాకు అదే జరిగింది. సినిమా చేసినప్పుడు మనుషులు తక్కువయ్యారని హార్డ్ డిస్కులు చూసుకోవడానికి 22 రోజులు లొకేషన్‌లోనే ఉన్నాను. ఫస్ట్ కట్ 2 గంటల 51 నిమిషాలు వచ్చింది. ఒక్క సీన్ కూడా తీయబుద్ధి కాలేదు, ప్రతి సీన్ వెనకాల వానో గొడవో నాకూ గుర్తుంది మరి. చివరికి కరీంనగర్ నుంచి ఒక జూనియర్‌ని పిలిపించాం. షూటింగ్ మొహం చూడని పిల్లాడు. ఒక్క రోజులో 14 నిమిషాలు లేపేశాడు. కోపం వచ్చింది, నిజం చెప్పాలి కదా. రెండు రోజుల తర్వాత చూస్తే ఆ 14 నిమిషాల్లో ఒక్కటి కూడా గుర్తురాలేదు.

హైదరాబాద్ సంగతి. కృష్ణానగర్‌లో రూమ్, రెండేళ్లు అసిస్టెంట్‌ని. బొమ్మకు సౌండ్ కలిపి సింక్ చేయడం, షాట్లకు పేర్లు పెట్టడం, డబ్బింగ్‌కీ డీఐకీ (సినిమా రంగులు సరిదిద్దే పని) ఫైళ్లు పంపడం తప్ప కట్ చేసే అవకాశం చాలా తక్కువ. అయినా వెళ్లండి. అప్పటిదాకా నా టైమ్‌లైన్ (సాఫ్ట్‌వేర్‌లో షాట్లు వరసగా పేర్చే చోటు) చూస్తే పందిరి పీకేసిన పెళ్లిల్లులా ఉండేది. నా ఫైల్ తీసుకుని ఇంకొకరు పని చేయాలన్న బుద్ధి అక్కడే వచ్చింది. ఆదివారాలు రైలెక్కి కాజీపేటలో దిగి అన్న పని చేసేవాణ్ని, కాబట్టి ఒకటి పట్టుకుంటే ఇంకొకటి వదిలేయాలని లేదు.

పేరున్న డైరెక్టర్-ఎడిటర్ జంటల్లోనూ ఎడబాట్లున్నాయి. అమెరికా ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్ 1967లో డైరెక్టర్ మార్టిన్ స్కోర్సెసీ మొదటి సినిమా ఎడిట్ చేశారు. తర్వాత యూనియన్ సభ్యత్వం లేక ఆయన పెద్ద సినిమాలకు చాలా ఏళ్లు చేయలేకపోయారు. 1980లో ‘రేజింగ్ బుల్’తో తిరిగొచ్చి ఆస్కార్ కొట్టారు. ఆమెకు వచ్చిన మూడు ఆస్కార్లూ ఆయన సినిమాలకే. మన దగ్గర చూస్తే, రాజమౌళి తొలి రోజుల్లో పని నేర్చుకున్నది కోటగిరి వెంకటేశ్వరరావు గారి దగ్గరే. ‘స్టూడెంట్ నంబర్ 1’ (2001) ఎడిటర్ ఆయనే, ‘బాహుబలి 2’ (2017) ఎడిటర్ కూడా ఆయనే. ‘ఆర్ఆర్ఆర్’ (2022)కి వచ్చేసరికి శ్రీకర్ ప్రసాద్. వేరేవాళ్లతో చేసినంత మాత్రాన ద్రోహం చేసినట్టు కాదు. మీ ఫ్రెండ్ ఇంకో ఎడిటర్‌ని పెట్టుకున్నా అంతే.

డబ్బుల మాట తక్కువలో చెప్తా. మొదటి మూడు ఫిల్మ్‌లకు అన్న నాకు రూపాయి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అది నా తప్పు. ఎంత ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేయాలి అన్నది వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. దోస్తానా ఉంది కదా అని వదిలేస్తే పదో మార్పు దగ్గర ఆ దోస్తానాయే పోతుంది.

ప్రస్తుతం అన్న జగిత్యాల వైపు షూటింగ్‌లో ఉన్నాడు. రోజూ రాత్రి లొకేషన్ కష్టాలన్నీ వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. ఇప్పటికి ఇరవై మూడు వచ్చాయి, ఒక్కటీ వినలేదు. ఫస్ట్ కట్ అయ్యాక ఇద్దరం కూర్చుని విందామని చెప్పాను. తిట్టాడు గానీ, పంపడం మాత్రం ఆపలేదు.