ఫ్లాటు కొనేముందు సెల్లారులోకి దిగు

చి. సుధకు, మామయ్య ఆశీస్సులు.

నిజాంపేటలో ఫ్లాటు చూశామనీ, కొత్తగా పెయింట్ వేసి అద్దంలా ఉందనీ రాశావు. నాకు అనుమానం అక్కడే. అమ్మేవాళ్ళు రమ్మన్నప్పుడు వెళితే ఏ ఇల్లయినా బాగానే కనిపిస్తుంది. గట్టి వాన పడ్డ మర్నాడు మళ్ళీ వెళ్ళు.

వెళ్ళగానే పైకి ఎక్కకు, ముందు సెల్లారులోకి దిగు. అక్కడ ఎవరూ రంగులు వేయించరు కాబట్టి బిల్డింగు వయసు అక్కడే తెలుస్తుంది. స్తంభాల దగ్గర, దూలాల కింద పెచ్చులు ఊడి తుప్పుపట్టిన చువ్వలు కనిపిస్తే ఇంజనీరు చూసేదాకా బేరం మాట వద్దు. గోడ ప్లాస్టరు మీద వెంట్రుకంత పగుళ్ళు మామూలే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే పగులు మాత్రం మామూలు కాదు.

ఇక ఫ్లాటులో, బాత్రూమును ఆనుకుని ఉన్న బెడ్రూము గోడను మోకాలి ఎత్తులో చేత్తో తడిమి చూడు. అక్కడ రంగు పొంగినా, తెల్లటి పొడి రాలినా లోపల చెమ్మ ఉన్నట్టే. కప్‌బోర్డు తెరిచి వాసన చూడు. ఒక్క గదికే ఫాల్స్ సీలింగ్ ఉంటే ఎందుకో అడుగు. పై ఫ్లాటు బాత్రూము లీకును అలా కప్పేసినవాళ్ళు ఉన్నారు. బాత్రూములో ఒక మగ్గు నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో గమనించు.

నీళ్ళ సంగతి ఓనరును కాదు, వాచ్‌మన్‌ని అడుగు. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో, ఆ ఖర్చు మెయింటెనెన్సులోనే ఉందో వేరేగా వసూలు చేస్తారో అతనికి తెలుస్తుంది. వాననీళ్ళ గురించి వీధి చివర కిరాణా కొట్టతన్ని అడుగు. 2016 సెప్టెంబరు వానలకు అక్కడి బండారి లేఔట్ మునిగింది, గుర్తుందిగా? చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే మేర), దాని చుట్టూ ఏమీ కట్టకూడని బఫర్ జోన్ హద్దులు తప్పకుండా చూడాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే సర్కారీ సంస్థ హైడ్రా వచ్చాక ఆ మాట తేలిగ్గా తీసుకునేది కాదు.

వాళ్ళు చెప్పే పన్నెండొందల ఎస్సెఫ్టీలో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా ఉంటుంది. నువ్వు టేపు పట్టి గదులు కొలుచుకో. అన్‌డివైడెడ్ షేరు, అంటే బిల్డింగు స్థలంలో నీ ఫ్లాటుకు వచ్చే వాటా, ఎన్ని గజాలో డాక్యుమెంటులో చూడు. బిల్డింగు పాతబడేకొద్దీ విలువ మిగిలేది ఆ స్థలానికే. పైన పెంట్‌హౌస్ ఉంటే అది మంజూరైన ప్లానులో ఉందో లేదో కూడా తేల్చుకో. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) లాయరుకి ఇచ్చేయ్. వాస్తు మీ అత్తయ్య చూసుకుంటుంది, అందులో నేను వేలు పెట్టను.

ఇవన్నీ తేలేదాకా టోకెన్ అడ్వాన్స్ అని పదివేలు కూడా ఇవ్వకు. ఇంకో పార్టీ రెడీగా ఉందని బ్రోకరు రోజూ ఫోన్ చేస్తాడు, చేయనీ.

మీ మామయ్య