లాటిన్ క్రియలను తెలుగు అక్షరాల్లో రాసుకోండి

ప్రశ్న: డిగ్రీ చదువుతూ సొంతంగా లాటిన్ మొదలుపెట్టాను. క్రియలను గుంపులు చేసే నాలుగు గణాలు, ఆరు కాలాలు, ఒక్కో కాలానికి ఆరేసి రూపాలు. పట్టికలు చూస్తేనే గుండె జారిపోతోంది. బట్టీ పట్టడం తప్ప తెలుగువాళ్లకు వేరే దారి లేదా?

ఉంది. ఇంగ్లిషు పుస్తకం కాసేపు పక్కన పెట్టి, తెల్ల కాగితం తీసుకుని లాటిన్ క్రియలను తెలుగు లిపిలో రాయండి. రోమన్ లిపి దాచిపెట్టే సగం వ్యాకరణం మన లిపిలో కంటికి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఈ మాట ఏ పండితుడి ముందైనా అంటాను.

నాకు లాటిన్ నేర్పింది గుంటూరు జిల్లాలో మా విచారణకు, అంటే మా చర్చి పరిధికి, గురువుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఫాదర్ గారు. ఆయన సెమినరీలో, అంటే ఫాదర్లను తయారుచేసే బడిలో, చదివిన రోజుల్లో తత్వశాస్త్రం పాఠాలు కూడా లాటిన్లోనే జరిగేవి. 1962–65 మధ్య జరిగిన వాటికన్ మహాసభ తరువాత పూజ తెలుగులోకి వచ్చేసింది, ఆ భాష ఆయన దగ్గరే మిగిలిపోయింది. అట్ట వేసిన లావుపాటి నిఘంటువు, గీతల నోటుబుక్కు, చివర రబ్బరున్న పెన్సిలు. వరండాలో ఇవే ఆయన బడి.

ఒక సాయంత్రం అడిగాను: “ఫాదర్ గారూ, ఈ పుస్తకంలో ఒకే క్రియకు ఒకచోట ‘వస్తున్నాడు’ అని, మరోచోట ‘వచ్చాడు’ అని అర్థం ఇచ్చారు. అక్షరాలు మాత్రం ఒకటే. ఇది అచ్చుతప్పా?”

ఆయన నోటుబుక్కు దగ్గరకు లాక్కుని తెలుగులో రెండు మాటలు రాశారు. వెనిత్. కింద, వేనిత్. “పైది వస్తున్నాడు. కిందది వచ్చాడు. ఎక్కడ తేడా ఉందో వేలు పెట్టి చూపించు నాయనా” అన్నారు. ఏత్వం మీద వేలు పెట్టాను. వెంటనే మరో జత రాశారు. లెగిత్, చదువుతున్నాడు. లేగిత్, చదివాడు. తరువాత పెన్సిలు నా చేతికిచ్చి, పాఠంలోని క్రియలన్నీ ఇలాగే రాసుకుని రమ్మన్నారు. ఆ పని చేశాకే లాటిన్ క్రియ నాకు లొంగింది.

లాటిన్‌కు ఉన్నవి ఐదు అచ్చులు, వాటిలో ప్రతిదానికీ హ్రస్వం, దీర్ఘం. మన వర్ణమాలలో అ ఆ, ఇ ఈ, ఉ ఊ, ఎ ఏ, ఒ ఓ సరిగ్గా ఆ పదీ ఉన్నాయి. సంస్కృతానికీ హిందీకీ వాడే దేవనాగరిలో హ్రస్వ ఎ, ఒ లకు మామూలుగా అక్షరాలే లేవు. రోమన్లు కొన్ని శాసనాల్లో దీర్ఘమైన అచ్చుపై చిన్న గీత పెట్టేవారు కానీ, అన్నిచోట్లా పెట్టలేదు. నేటి పుస్తకాల్లో చాలావాటిలో అదీ ఉండదు. అందుకే విద్యార్థి మొదటి నెలలోనే రెండో గణానికీ మూడో గణానికీ మధ్య చిక్కుపడతాడు. హెచ్చరించడానికి మొనేరె, పాలించడానికి రెగెరె. రోమన్ లిపిలో రెండింటి తోకా ఒకటే. తెలుగులో రాస్తే చిన్న పిల్లవాడు కూడా విడదీస్తాడు. అమారె మొదటి గణం, మొనేరె రెండోది, రెగెరె మూడోది, ఔదీరె నాలుగోది. ఆ, ఏ, ఎ, ఈ. గణాల సంగతి అంతే.

ఇది మా ఫాదర్ గారి సొంత చిట్కా మాత్రమే అనుకోకండి. 4వ శతాబ్దంలో రోములో వ్యాకరణం చెప్పిన దొనాతుస్, లాటిన్ బైబిలుకు ముఖ్య అనువాదకుడైన జెరోముకు గురువు, ప్రశ్నలూ జవాబులుగా రాసిన తన చిన్న వ్యాకరణంలో గణాలు మూడే అన్నాడు. మనం మూడు, నాలుగు అని లెక్కపెట్టేవాటిని ఆయన ఒకే గణంగా చూపి, అందులో హ్రస్వమున్నది, దీర్ఘమున్నది అని చీల్చాడు. అంటే రోమన్ గురువు కూడా చెవితోనే లెక్క కట్టాడు.

క్రీస్తుపూర్వం 47లో, నేటి టర్కీలోని జేలా దగ్గర గెలిచిన సీజరు చెప్పిన మూడు మాటలు మీరు వినే ఉంటారు. వేనీ, వీదీ, వీకీ. వచ్చాను, చూశాను, గెలిచాను. వాటి వర్తమాన రూపాలు వెనియో, విదెయో, విన్కో. మూడింటిలోనూ మొదటి అచ్చు సాగి దీర్ఘమైంది, మూడోదానిలో నకారం కూడా రాలిపోయింది. మూడు మాటలు తెలుగులో రాసుకుంటే భూతకాలం ఏర్పడే ఒక పద్ధతి మొత్తం చేతికి వస్తుంది. వీకీ అనాలా, చర్చిలో అన్నట్టు వీచీ అనాలా అని నెట్టులో గంటలకొద్దీ తగవులాడేవాళ్లున్నారు. ఆ సమయంలో పది క్రియలు నేర్చుకోవచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని అదే అనండి.

ఇక రెండో సంగతి. ఇంగ్లిషు పుస్తకాలు “లాటిన్ క్రియలోనే కర్త దాగి ఉంటుంది” అని వింతగా పేజీలకు పేజీలు వివరిస్తాయి. మనకెందుకు ఆ వివరణ? “రేపు వస్తాను” అంటే వచ్చేది ఎవరో తెలుగువాడికి ఎవరైనా విప్పి చెప్పాలా? చదువు, తా, ను. ధాతువు, కాలం, పురుష. చివర మారిస్తే చదువుతావు, చదువుతాము, చదువుతారు. ఇప్పుడు అమాబాముస్ చూడండి. అమా, బా, ముస్. అదే వరుస, అదే పొందిక. ‘మేము ప్రేమిస్తూ ఉండేవాళ్లం’ అని అర్థం. ఓ, స్, త్, ముస్, తిస్, న్త్ అనే ఆరు తోకలు వస్తే వర్తమానం అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమంత్ అని దానంతటదే దొర్లుతుంది. బా కలిపే భూతకాలంలో మొదటి తోక ఒక్కటే ఓ నుంచి మ్‌కు మారి అమాబమ్ అవుతుంది. ఒక్క సదుపాయం, అమత్ అంటే ప్రేమిస్తాడు, ప్రేమిస్తుంది రెండూ. మనం చూసినట్టు అక్కడ క్రియలో లింగం చూడరు. చదవను, చదవదు అని వ్యతిరేకాన్ని క్రియలోనే ఇమిడ్చే మన సొగసు మాత్రం లాటిన్‌కు లేదు, ముందు నోన్ పెట్టుకోవలసిందే.

ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లు “పఠతి, పఠతః, పఠంతి” లాగా లాటిన్ను కూడా వల్లెవేయాలనుకుంటారు. మా కళాశాలలో రెండేళ్లూ అదే తంతు. ధాతువును ఎవరూ విప్పి చూపించలేదు. ఎంత అన్యాయం! 1816లో ఫ్రాంక్‌ఫర్టులో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బోప్ అచ్చువేసిన పుస్తకం సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్ రూపాల పక్కన పెట్టి, అవి ఒకే కుటుంబమని చూపింది. అస్తి, ఎస్త్. సంతి, సుంత్. సంస్కృతం చదివిన విద్యార్థికి ఇది చూపించకపోతే ఇంకేమి చూపిస్తారు? అదే 1816లో మద్రాసులో కుంపిణీ ఉద్యోగి కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి మరో కుంపిణీ ఉద్యోగి ఎల్లిస్ రాసిన వ్యాఖ్య, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని నిరూపించింది. చుట్టరికం చూస్తే లాటిన్ సంస్కృతానికే దగ్గర. కానీ ధాతువు మీద కాలం, కాలం మీద పురుష పేర్చే పద్ధతి మన నోటికి పుట్టుకతో వచ్చింది. ఇంగ్లిషు పిల్లల కంటే తెలుగు పిల్లలు ఈ క్రియలను త్వరగా పట్టుకుంటారని నా గట్టి నమ్మకం.

మూడో సంగతి, అందరూ భయపడే ఆశంసార్థక రూపాలు, అంటే ‘ఇలా జరగాలి’ అని కోరే రూపాలు. ఫాదర్ గారు దీన్ని పరలోక ప్రార్థనతోనే చెప్పారు. “మీ రాజ్యము వచ్చును గాక” అన్నచోట లాటిన్లో అద్వెనియత్. “నెరవేరును గాక” అన్నచోట ఫీయత్. “పూజింపబడును గాక” అన్నచోట సాంక్తిఫికేతుర్, ఆ చివరి తుర్ మన ‘బడు’ చేసే పనే చేస్తుంది. మనం చివర గాక చేరుస్తాం, వాళ్లు లోపలి అచ్చు మారుస్తారు. మొదటి గణంలో ఆ పోయి ఏ వస్తుంది, మిగతా గణాల్లో ఆ వచ్చి చేరుతుంది. అదే ప్రార్థనలో దీమిత్తె, క్షమించు, ఆ వెనుకే దీమిత్తిముస్, క్షమిస్తున్నాము. ఒకే క్రియ, రెండు తోకలు. ఆ కొద్ది వాక్యాల్లో మొదటి, మూడో, నాలుగో గణాల క్రియలున్నాయి. రెండో గణం కూడా ‘అప్పులు’ అనే అర్థమున్న దేబిత అనే మాటలో దాగి ఉంది, అది దేబెయో నుంచి వచ్చింది. క్రైస్తవులు కాకపోయినా దీన్ని పాఠంగా పెట్టుకోండి, ఇంతకంటే చిన్నదీ నిండైనదీ దొరకదు.

బట్టీ పట్టవలసినవి లేకపోలేదు. భవిష్యత్తు ఒక ఉచ్చు. మొదటి రెండు గణాల్లో అమాబిత్, మొనేబిత్ అని బి వస్తుంది. మూడో గణంలో రెగిత్ పాలిస్తున్నాడు, రెగెత్ పాలిస్తాడు. మొనెత్ మాత్రం రెగెత్ లాగే వినిపించినా వర్తమానమే, హెచ్చరిస్తున్నాడు. గణం తెలియకపోతే కాలం తెలియదు. అందుకే ప్రతి క్రియనూ నాలుగు మూలరూపాలతో నేర్చుకోండి. రెగో, రెగెరె, రేక్సీ, రేక్తుమ్. ఫెరో, ఫెర్రె, తులీ, లాతుమ్ లాంటివాటికి తర్కం వెతకవద్దు, నోటికి ఎక్కించుకోవడమే.

పుస్తకం కొనేముందు ఏదో ఒక పేజీ తెరిచి అచ్చులపై దీర్ఘపు గీతలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎంత పేరున్న పుస్తకమైనా తిరిగి అరలో పెట్టేయండి.