ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఎందుకు, ఉప్పునీళ్లు చాలవా?

విరేచనాలప్పుడు వట్టి ఉప్పునీళ్లు ఎందుకు పనిచేయవు, చక్కెరతో బేదులు పెరగవా అని అడిగారు. నేను చెన్నైలో పిల్లల వార్డులో నర్సుని. నెల్లూరు, సూళ్లూరుపేట నుంచి వచ్చే తల్లులు కూడా "సిస్టర్, తీపి పడితే బిడ్డకి ఇంకా ఎక్కువవుతాయి కదా?" అంటుంటారు.

ఆ చక్కెర రుచికోసం కాదు. పేగు కణాల పైపొర కొవ్వుతో తయారైంది. ఆక్సిజన్ లాంటివి దాన్ని ఇట్టే దాటేస్తాయి గానీ ఉప్పులోని సోడియం, చక్కెరలోని గ్లూకోజ్ సొంతంగా దాటలేవు. వాటికోసం పొరలో ప్రొటీన్లున్నాయి. అందులో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్, జంటగా వస్తేనే తెరుచుకునే తలుపు లాంటిది: రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిస్తేనే లోపలికి. కణానికి రక్తం వైపున ఇంకో పంపు ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) ఖర్చుపెట్టి మూడు సోడియంలను బయటికి నెట్టి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంటుంది. అందుకే కణంలో సోడియం ఎప్పుడూ తక్కువ. పేగులోని సోడియం లోపలికి రావడానికి ఆ తేడాయే బలం. దాని వెనకే నీరూ వస్తుంది.

కలరా క్రిమి విషం పేగు కణాల్లోని క్లోరైడ్ దారులు తెరిచేసి ఒంట్లో నీరు భారీగా పేగులోకి పోయేలా చేస్తుంది. కానీ ఈ జంట తలుపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది! ఎన్నిసార్లు తలుచుకున్నా నాకిది అద్భుతమే. ఈ జంట రవాణా గురించి శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో చెప్పారు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ కరువైనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించారు.

అయితే కొలత తప్పకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం, సిట్రేట్. చక్కెర ఎక్కువైతే ఆ తల్లుల భయమే నిజం: లోపలికి పోగా మిగిలిన చక్కెర నీటిని పేగులోకే లాగుతుంది. బేదులు ఆగట్లేదని మా దగ్గరికి తెచ్చే పిల్లల్లో కొందరికి ఇంట్లో కూల్‌డ్రింకు పట్టి ఉంటారు, లేదా లీటరు ప్యాకెట్టు ఒక్క గ్లాసులో కలిపేసి ఉంటారు. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలూ అంతే. హైదరాబాద్ డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక 2025లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది.

ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లే కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ పట్టండి. కళ్లు పీక్కుపోయినా, ఒంటేలు ఆగినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.