జీపు పిచ్చి ఉన్న అబ్బాయికి ఈసెట్టా, షెడ్డా?

ప్రశ్న: మావాడు మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాడు. స్నేహితుడితో కలిసి పాత జీపు కొని, దాని ఎత్తు పెంచి, లావు టైర్లు వేశాడు. ఇప్పుడు స్టీరింగు మొత్తం తీసేసి పవర్ స్టీరింగు పెడతానంటున్నాడు. చదువు చాలట, ఆటోనగర్‌లో ఆఫ్‌రోడ్ బండ్ల షెడ్డు పెడతాడట, ఆరు లక్షలు ఇవ్వమంటున్నాడు. ఈసెట్ రాయించి బీటెక్‌లో చేర్చడం మంచిదా, షెడ్డు పెట్టించడం మంచిదా? పోల్చి చెప్పండి. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. — ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ అసలు బాధ చివరి వాక్యంలో ఉంది. డిప్లొమా ఫలితాల రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఒకరి అబ్బాయికి డ్రోన్ పిచ్చి, ఇంకొకరి అబ్బాయికి బుల్లెట్ పిచ్చి. తండ్రుల భయం మాత్రం ఒక్కటే, కొడుకును నలుగురూ మెకానిక్ అంటారని. మెకానికల్ డిప్లొమాలో చేర్చినప్పుడు మీకు ఆ భయం లేదా?

ఉత్తరం చదివి మీ అబ్బాయిని రమ్మన్నాను. ఆదివారం జీపులోనే వచ్చాడు. ఇంజన్ ఆపి, ముందు బంపర్ ఎక్కి ఊగాడు. లోపల ఎవరూ పట్టుకోకపోయినా స్టీరింగు చక్రం అటూ ఇటూ కదిలింది. ‘చూడండి సార్, ఎత్తు పెంచాక స్టీరింగు బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ, అదే డ్రాగ్ లింక్, ఏటవాలైపోయింది. స్ప్రింగు నొక్కుకున్నప్పుడల్లా అదే స్టీరింగును లాగుతోంది’ అన్నాడు. గుంటలో పడగానే బండి పక్కకు గుంజడానికి కారణం అదట. ఆ కడ్డీని కదిలించే పిట్‌మన్ ఆర్మ్‌ను కిందికి వంగినది వేస్తే ఏటవాలు తగ్గుతుంది కానీ స్టీరింగు బాక్సు షాఫ్టు మీద బలం ఎక్కువ పడుతుందని, అందుకే తొందరపడటం లేదని కూడా చెప్పాడు. ఇంత పద్ధతిగా ఆలోచించే పిల్లవాడి గురించి మీరు రాసిన రెండు పేజీలలో ఒక్క మంచి మాట లేదు.

మలుపులో లోపలి ముందు చక్రం బయటిదాని కంటే ఎక్కువ కోణంలో పక్కకు తిరగాలని అతనికి తెలుసు. ఈ జీపుకు ఎంత ఎక్కువో లెక్క కట్టమని కాగితం ఇస్తే మాత్రం కలం ఆగిపోయింది. చేతికి తెలిసింది కాగితం మీదికి ఇంకా రాలేదు. మీరు అడిగిన పోలికలో ముఖ్యమైన భాగం ఇదే. ఈసెట్‌తో నేరుగా రెండో సంవత్సరంలో చేరి ఆ లెక్క నేర్చుకోవచ్చు. మంచి కాలేజీ దొరికితే బాహా పోటీకి బండి కట్టే జట్టులోకీ వెళ్లవచ్చు. 2007 నుంచి ఇండోర్ దగ్గరి పీతంపూర్ ఆ పోటీకి పేరుపడింది. విద్యార్థులు సొంతంగా కట్టిన బండిని నాలుగు గంటలు మట్టిలో పరుగెత్తించాలి. దానికంటే ముందు స్టీరింగు ఆ కోణంలోనే ఎందుకు పెట్టారో న్యాయనిర్ణేతలకు వివరించాలి.

ఇక షెడ్డు. ఈ దారి మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఫోనులో కనిపించే వీడియోల్లో బండి బురదలోంచి పైకి లేస్తుంది, చప్పట్లు వినిపిస్తాయి. ఆ బండికి ఎవరు ఎంత ఖర్చు పెట్టారో, మర్నాడు ఏది విరిగిందో చూపించరు. తయారీదారు నిర్దేశించి, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్న కూడా ఈ మార్పుల గురించే. సొంత స్థలంలోనే నడుపుకుంటామని అంటారు. అనకాపల్లి అవతల బురదలో దిగాలన్నా ముందు హైవే ఎక్కాలి కదా! అప్పు చేసి పెట్టిన షెడ్డు ఇలాంటి గిరాకీ మీద బతకాలంటే కష్టం. ఇరవై ఏళ్ల కుర్రవాడి చేతిలో ఆరు లక్షలు పెట్టడం నాకు నచ్చలేదు.

అంతమాత్రాన నేర్చినది వృథా పోతుందని దిగులు పడకండి. పవర్ స్టీరింగు అంటే ఒక పంపు, ఒక వాల్వు, నూనె ఒత్తిడి. అదే హైడ్రాలిక్స్. విశాఖలో ఆ పనికి కొదవ లేదు. పోర్టులో లోడర్లున్నాయి, స్టీల్‌ప్లాంటు ఉంది, షిప్‌యార్డు ఉంది. ఓడ చుక్కానిని తిప్పేది కూడా సాధారణంగా నూనె ఒత్తిడే. డిప్లొమా అప్రెంటిస్‌ల కోసం ఇలాంటి సంస్థలు ప్రకటనలు ఇస్తుంటాయి, గమనిస్తూ ఉండమనండి. కొత్త కార్లలో మాత్రం పంపు పోయి మోటారు, సెన్సారు, కంప్యూటర్ వచ్చాయి. కార్ల స్టీరింగులోనే ఉండాలనుకుంటే ఎలక్ట్రానిక్స్ తప్పదు, అందుకు బీటెక్ అక్కరకు వస్తుంది. ఈసెట్‌లో మంచి ర్యాంకు రాకపోతే ఏడాది అప్రెంటిస్‌గా చేరి, మరుసటి ఏడు మళ్లీ రాయవచ్చు. కొంప మునిగిపోదు. బంధువులకు ‘హైడ్రాలిక్స్ నేర్చుకుంటున్నాడు’ అని చెప్పండి, అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు మీతో ఒక మాట. మా అన్నయ్య లారీ నడిపేవాడు కాబట్టి బండి కిందికి తొంగి చూసే అలవాటు నాకుంది. ఆ జీపు టై రాడ్డు రెండు ముక్కలు, మధ్యలో వెల్డింగు అతుకు. పొడవు చాలక అలా చేయించారట. డబ్బు ఎవరిచ్చారని అడిగితే ‘నాన్నగారే’ అన్నాడు. ముందు చక్రాలు రెండూ ఒకటిగా తిరగడానికి ఆధారం ఆ కడ్డీయే. షాపులో పొడవు కొలిచి ఒకే ముక్క రాడ్డు కొనడానికి బేరమాడి, చెడిపోతాడని భయపడే కొడుకును ఆ అతుకు మీద ఊరంతా తిరగనిచ్చారు. వచ్చే నెల స్నేహితులతో అరకు ఘాట్ ఎక్కుతానంటున్నాడు. ఈసెట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆ రాడ్డు మార్పించి, అలైన్‌మెంట్ చేయించేదాకా జీపు తాళాలు మీ జేబులో ఉంచుకోండి.