బంతి రాకముందు ఏం చేశాడో రాయి

తిరుపతి, బైరాగిపట్టెడ

చిరంజీవి నాయనకు,

ఆశీస్సులు. మొన్న సాయంత్రం నువ్వు ఇచ్చిపోయిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫుట్‌బాల్ ప్రపంచకప్పుల్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ల గురించి తెలుగులో రాయాలన్న ఆలోచన నీకు వచ్చినందుకే నాకు కడుపు నిండింది. అందుకే మొహమాటం లేకుండా చెప్తాను, నొచ్చుకోవద్దు.

మొదటి పేజీ అంతా పట్టికే పెట్టావు. జర్మనీ క్లోజె 16, బ్రెజిల్ రొనాల్డో 15, జర్మనీవాడే గెర్డ్ ముల్లర్ 14, ఫ్రాన్స్ ఫాంటైన్ 13, అర్జెంటీనా మెస్సీ 13. 2022 ఖతర్ దాకా లెక్క సరిగ్గానే ఉంది. కానీ నాయనా, ఆ పట్టిక చదివేవాడి ఫోన్‌లోనే ఉంది. వాడు నీ దగ్గరికి వచ్చేది ఫోన్‌లో దొరకనిదాని కోసం. గోల్ పడటం అందరూ చూస్తారు. బంతి రాకముందు ఆ మనిషి ఏం చేశాడో నువ్వు చూసి చెప్పాలి.

క్లోజె పదహారో గోల్‌నే తీసుకో. 2014 జూలై 8, బ్రెజిల్‌లో బెలో హొరిజోంటె, బ్రెజిల్ మీద జర్మనీ సెమీఫైనల్. మనకు అప్పటికే తొమ్మిదో తేదీ, అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు మ్యాచ్ మొదలైంది. మన రైల్వే స్టేషన్ ఎదురుగా ఒక లాడ్జి వరండాలో, టీవీ ముందు నిలబడి చూశాను. కొండ దిగి వచ్చిన కుటుంబమొకటి పక్కనే మూటల మీద తల పెట్టి నిద్రపోతోంది. 23వ నిమిషంలో క్లోజె కొట్టిన షాట్‌ను బ్రెజిల్ కీపర్ జూలియో సీజర్ ఆపేశాడు. ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. క్లోజె ఆగలేదు. కీపర్ చేతికి తగిలి వెనక్కి వచ్చిన బంతి దగ్గర మళ్లీ అతనే ఉన్నాడు. రెండో దెబ్బకు బంతి వలలో పడింది. బ్రెజిల్ రొనాల్డో రికార్డు బ్రెజిల్ గడ్డ మీదే పోయింది. ఆ రొనాల్డో అప్పుడు అదే స్టేడియంలో కామెంటరీ చెప్తున్నాడు. ఇంతటి ఘట్టాన్ని నువ్వు "తన ఖాతాలో 16వ గోల్ నమోదు చేసుకున్నాడు" అని ఒక్క వాక్యంతో దాటేశావు. నమోదు, ఖాతా అనే మాటలు తీసెయ్. గోల్ కొట్టాడు అను. గ్రౌండ్‌లో పిల్లోళ్లు అనేది అదే మాట, దానికంటే బలమైన మాట మనకు లేదు.

ఈ క్లోజె కుర్రతనంలో వడ్రంగి పని నేర్చుకున్నవాడు. 2002లో కొట్టిన ఐదు గోల్సూ తలతో కొట్టినవే. నాలుగు ప్రపంచకప్పుల్లో 24 మ్యాచ్‌లు ఆడి 16 కొట్టాడు. ముల్లర్‌కు 14 కొట్టడానికి 13 మ్యాచ్‌లే పట్టాయి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడు. ఒకరిది పన్నెండేళ్ల ఓపిక, మరొకరిది ఆకలి. అంకె వాడదలిస్తే ఇలా మనిషి కనబడేలా వాడు.

ఫాంటైన్‌ను ఒక్క పేరాలో ముగించావు. అది నాకు నిజంగా బాధ కలిగించింది. 1958లో స్వీడన్‌లో ఆరు మ్యాచ్‌ల్లో 13 గోల్స్ కొట్టినవాడు! అది కూడా అరువు బూట్లతో. తన బూట్లు పాడైపోతే, అదే సైజు కాలున్న సహచరుడు స్టెఫాన్ బ్రూయె తన జత ఇచ్చాడు. మూడో స్థానం మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీ మీద ఒక్కడే నాలుగు కొట్టాడు. ఆ తర్వాత కాలు రెండుసార్లు విరిగి 28 ఏళ్లకే ఆట మానేశాడు. ఇంకొకరి చెమటతో మెత్తబడిన ఆ తోలులో కాలు పెట్టినప్పుడు అతనికి ఎలా ఉండి ఉంటుంది? నేనైతే వ్యాసం అక్కడ మొదలుపెడతాను.

లెక్కల దగ్గర మాత్రం భయంగా ఉండు. నేను కొత్తగా రాసే రోజుల్లో రొనాల్డోకు 16 గోల్స్ అని రాసి అచ్చు వేయించుకున్నాను. 1998లో నెదర్లాండ్స్‌తో సెమీఫైనల్లో అతను ఆటలో ఒకటి, షూటౌట్‌లో ఒకటి కొట్టాడు. షూటౌట్ అంటే ఆట సమమైతే గెలుపు తేల్చడానికి కొట్టే పెనాల్టీలు; అందులో కొట్టింది ఆటగాడి లెక్కలోకి రాదు, నేను కలిపేశాను. రిటైరైన డ్రిల్లు మాస్టారొకరు బజారులో ఆపి నెమ్మదిగా చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకో మాట, రొనాల్డో అని ఒట్టిగా రాయకు. పోర్చుగల్ క్రిస్టియానోకు 2022 దాకా ప్రపంచకప్పుల్లో ఉన్నవి ఎనిమిదే. యూరో కప్పులో మాత్రం 14తో అందరికంటే ముందున్నాడు. చదివేవాడు ఇద్దరినీ కలిపేసుకుంటాడు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. "ప్రపంచకప్ చరిత్రలోనే అత్యధికం క్లోజెవి" అన్నావు. మహిళల ప్రపంచకప్పుల్లో బ్రెజిల్ మార్తా 17 కొట్టింది, అదీ ఐదు వేర్వేరు టోర్నీల్లో. పురుషుల ప్రపంచకప్ అని రాయి, లేదా మార్తాతో మొదలుపెట్టు. మార్తాతో మొదలుపెడితే నాకు ఇంకా సంతోషం.

మన దేశం మాటే రాలేదేం? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్, అంటే ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్, కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడి మొదటి హ్యాట్రిక్ అదే. టోర్నీ మొత్తంలో మన జట్టు కొట్టింది ఐదు గోల్స్, అందులో నాలుగు అతనివే. ఆ నాలుగుతోనే టోర్నీ టాప్ స్కోరర్లలో ఒకడయ్యాడు. జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ హైదరాబాద్ రహీం సాబ్, జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం. ఇది మన తెలుగువాడికి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు?

తిరగరాసే ముందు ఆదివారం పొద్దున ఆరింటికి యూనివర్సిటీ గ్రౌండ్‌కు రా. ఫోన్ ఇంట్లో పెట్టి నోటుబుక్కు తెచ్చుకో. పసుపు బనియన్ వేసుకుని ఆడే పొట్టి పిల్లోడొకడున్నాడు. కార్నర్ కొట్టేటప్పుడు అందరూ బంతి వైపు చూస్తే, వాడు కీపర్ కాళ్ల వైపు చూస్తాడు. రెండడుగులు వెనక్కి వేస్తాడు, వాడికి కాపు కాసే అవతలి జట్టువాడు వాణ్ణి మరిచిపోయేదాకా ఊరకే నిలబడతాడు. బంతి గాల్లోకి లేచాక వాడి ముఖంలో వచ్చే మార్పు గమనించి, ఒక పేజీ రాసి, అక్కడే నాకు చూపించు.

ఇట్లు
నీ మేలు కోరే
పెద్దాయన