టెక్నికల్ కమ్యూనికేషన్ పోస్టు భర్తీ చేసేటప్పుడు

చిరంజీవి శిష్యురాలికి ఆశీస్సులు.

శాఖాధిపతిగా నీ చేతుల మీదుగా జరిగే మొదటి నియామకం ఇది. నోటిఫికేషన్‌లో ‘అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇంగ్లిష్’ అని రాసి ఊరుకోకమ్మా. దరఖాస్తుల్లో సింహభాగం సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాళ్లవే వస్తాయి. వాళ్లు మంచి పండితులే కావచ్చు, మనకు కావలసింది బీటెక్ పిల్లలకు ప్రాజెక్టు రిపోర్టు, యూజర్ మాన్యువల్, ఎస్‌ఓపీ (ఒక పనిని వరుసగా ఎలా చేయాలో చెప్పే పత్రం) రాయడం నేర్పేవాళ్లు. స్పెషలైజేషన్ దగ్గర ‘టెక్నికల్ కమ్యూనికేషన్’ అని స్పష్టంగా వేయించు. రోస్టర్ పాయింటు, అంటే ఈ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికి వస్తుందో అది కూడా ముందే ఖరారు చేయించుకో.

అర్హతల్లో మన ఇష్టానికి చోటు లేదు, యూజీసీ 2018 నిబంధనలు, 2023 సవరణ చెప్పినట్టే. అయితే వాటి ప్రకారం అకడమిక్ స్కోరు షార్ట్‌లిస్టు వరకే, ఎంపికకు ఇంటర్వ్యూయే ఆధారం. క్లాసులో పాఠం చెప్పించి చూడటానికీ వీలుంది. రాత పని పెట్టదలిస్తే ఆ మాట నోటిఫికేషన్‌లోనే ఉండాలి. మధ్యలో చేర్చితే కోర్టుకెళ్తారు. ఆట మొదలయ్యాక, అంటే నియామక ప్రక్రియ మొదలయ్యాక, నిబంధనలు అనుమతిస్తే తప్ప, షరతులు మార్చకూడదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది.

ఆ రాత పని ఇలా పెట్టు. ల్యాబ్‌లోని ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో పరికరాలను శుద్ధి చేసే యంత్రం) వాడే విధానం మీద కావాలని గజిబిజిగా రాసిన ఒక పేజీ ఇచ్చి, 45 నిమిషాల్లో తిరగరాయమను. ‘మూత తెరవండి. తెరిచేముందు ప్రెషర్ సున్నాకు వచ్చిందో లేదో చూసుకోండి’ అనే వరుస అందులో ఉంచు. చదువుతూ చేసేవాడు రెండో వాక్యానికి వచ్చేసరికి మూత తీసేసి ఉంటాడు, చెయ్యి కాలుతుంది. హెచ్చరికను ముందుకు జరిపినవాళ్లకు ఈ విద్య ఒంటబట్టినట్టే. వ్యాకరణం మాత్రమే సరిచేసి ఇచ్చినవాళ్లను, ఎంత అందంగా మాట్లాడినా, జాగ్రత్తగా తూచు. తిరగరాసిన పేజీలను ఆ యంత్రం ముట్టని ఇద్దరు విద్యార్థులకిచ్చి, ఎక్కడ తడబడ్డారో గుర్తు పెట్టమను. యంత్రం మాత్రం ఆపి ఉంచాలి సుమా!

ఆ తర్వాత ఒక విద్యార్థి రిపోర్టు ఇచ్చి, మార్జిన్లలో వ్యాఖ్యలు రాయమను. ‘బాగాలేదు’ అని రాసేవాళ్లకూ, ‘ఈ పట్టికకు యూనిట్లు లేవు, చదివేవాడు పోల్చుకోలేడు’ అని రాసేవాళ్లకూ తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఎంపిక కమిటీ సభ్యులందరూ చర్చకు ముందే మార్కులు వేసి సంతకం చేయాలి. కోరం, అంటే కనీస హాజరు, నలుగురు, అందులో బయటి నిపుణులు ఇద్దరు తప్పనిసరి. కమిటీలోని బయటి నిపుణులు ముగ్గురినీ రప్పించే ఏర్పాటు చెయ్యి, చివరి నిమిషంలో ఒకరు రాలేకపోయినా ఆ రోజు ఇంటర్వ్యూలు ఆగవు.

మీ మాస్టారు